పొగాకు టెస్ట్ రిపోర్టులోని అంకెలకూ ఆకు నాణ్యతకూ ఉన్న సంబంధం

పొదిలి వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది: "నాదీ పక్కతోట వాళ్లదీ ఒకటే నారు, ఒకే వారంలో నాటాం, ఒకే బ్యారన్‌లో (ఆకును వేడి పెట్టి ఆరబెట్టే గదిలో) క్యూరింగ్ చేశాం. వాళ్ల ఆకు బ్రైట్ గ్రేడ్‌లో అమ్ముడైంది. నా బేళ్లు ఎక్కువ లో గ్రేడ్‌లో పడ్డాయి. నేను కాంప్లెక్స్ ఎరువు మీద ఒకసారి యూరియా కూడా వేశాను. జనవరిలో ఎండుతోందని రెండు తడులు బోరు నీళ్లు పెట్టాను, వాళ్లు పెట్టలేదు. ఆకు టెస్ట్ చేయిస్తే నికోటిన్ 3.4 శాతం, చక్కెరలు 9 శాతం, క్లోరైడ్ 2.1 శాతం వచ్చాయి. ఈ అంకెలకూ రేటుకూ ఏమిటి సంబంధం? తప్పు బ్యారన్‌లో జరిగిందా?"

బ్యారన్‌ను అనుమానించకండి. మీ రిపోర్టులోని మూడు అంకెలూ తోటవైపే వేలు చూపిస్తున్నాయి. నికోటిన్, చక్కెర అంకెలు యూరియా సంగతి చెబుతుంటే, క్లోరైడ్ అంకె నీళ్ల సంగతీ ఎరువు సంగతీ చెబుతోంది. నేను పాతికేళ్లకు పైగా పొగాకు ల్యాబ్‌లో ఆకు పొడి చేసి ఇవే పరీక్షలు చేసినవాణ్ని. తర్వాత కొన్నేళ్లు తోటల వెంట తిరిగాను. ల్యాబ్‌లో ఉన్నప్పుడు అంకెలు తెలుసు కానీ అవి ఎక్కడ పుడతాయో తెలియదు. తోటలకు వెళ్లాకే ఆ రెండూ ఒకటయ్యాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పొగాకు ఆకులో వేల రకాల రసాయనాలు ఉంటాయి. వాటన్నిటినీ పట్టుకోనక్కరలేదు. ఆకును రెండు వర్గాల పోరుగా చూడండి. ఒకవైపు నత్రజనితో తయారయ్యేవి: నికోటిన్, ప్రొటీన్లు, అమైనో ఆమ్లాలు, పత్రహరితం. మరోవైపు గాలీ ఎండా నీళ్లతో ఆకు చేసుకునే పిండి పదార్థం, దాన్నుంచి వచ్చే చక్కెరలు. నత్రజని వర్గం బలంగా ఉంటే ఆకు ముదురు రంగులో, మందంగా ఉంటుంది, పొగ ఘాటుగా గొంతు పట్టేస్తుంది. చక్కెర వర్గం మరీ ఎక్కువైతే ఆకు చూడటానికి నిమ్మపండు రంగులో మెరుస్తుంది కానీ పొగలో పస ఉండదు, చప్పగా ఉంటుంది. వర్జీనియా ఆకు, అంటే మనం బ్యారన్‌లో ఆరబెట్టే సిగరెట్ ఆకు, కొనేవాళ్లకు కావాల్సింది ఈ రెండూ సరితూగిన ఆకు. అందుకే వాళ్లు నికోటిన్‌ను ఒంటరిగా చూడరు, చక్కెరను నికోటిన్‌తో భాగించి చూస్తారు. ఆ భాగఫలం సుమారు 7 నుంచి 10 మధ్య ఉంటే మంచి ఆకు అనుకోవచ్చు. నికోటిన్ 2 శాతం, చక్కెరలు 16 శాతం ఉన్న ఆకుకు ఆ అంకె 8 వస్తుంది. మీది 9ని 3.4తో భాగిస్తే 2.6. గ్రేడింగ్ చేసేవాళ్ల చేతిలో మిషన్ లేకపోయినా మీ ఆకు ఎందుకు లో గ్రేడ్‌లో పడిందో ఇదే చెబుతుంది. ఆకు రంగు, మందం, చేతిలో నలిపితే తగిలే తీరు అన్నీ ఈ నిష్పత్తి వేసే నీడలే.

చక్కెర ఉంటే పొగ ఎందుకు మెత్తగా ఉంటుందని చాలామంది అడుగుతారు. చక్కెరలు కాలితే ఆమ్లాలు వస్తాయి. ఆమ్ల గుణం ఉన్న పొగలో నికోటిన్ లవణ రూపంలో ఉండిపోతుంది, గొంతులో గుచ్చదు. ప్రొటీన్లు ఎక్కువున్న ఆకు కాలితే అమ్మోనియా వస్తుంది. పొగ క్షారం వైపు జరుగుతుంది, నికోటిన్ విడిపడి ఘాటు ఎక్కుతుంది, పైగా ఈకలు కాలిన వాసన వస్తుంది. పచ్చగా ఉండగానే రెలిచిన (మొక్క నుంచి కోసిన) ఆకు ఎంత బాగా క్యూరింగ్ చేసినా ఆ వాసన పోదు.

ఇప్పుడు నికోటిన్. ఇది ఆకులో ఉంటుంది కాబట్టి ఆకులోనే తయారవుతుందని అందరూ అనుకుంటారు. తయారయ్యేది వేరులో. 1940ల మొదట్లో డాసన్ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు కొమ్మను టమాటా వేరుకు అంటుకట్టి చూశాడు. ఆ పొగాకు ఆకుల్లో నికోటిన్ దాదాపు లేదు. టమాటా కొమ్మను పొగాకు వేరుకు అంటుకడితే టమాటా ఆకుల్లోకి నికోటిన్ వచ్చింది. వేరు చేసిన నికోటిన్ నీళ్లతో పాటు పైకెక్కి ఆకుల్లో నిల్వ అవుతుంది. పురుగూ పశువూ తినకుండా మొక్క తనకు తాను పెట్టుకున్న విషం అది. ఆకు తెగినా, తల తెగినా మొక్కకు అది పురుగు కొరికినట్టే అనిపిస్తుంది, వేరుకు కబురు వెళుతుంది, నికోటిన్ తయారీ పెరుగుతుంది.

మనం పూత దశలో తల తుంచినప్పుడు జరిగేది ఇదే. విత్తనానికి వెళ్లాల్సిన బలం ఆకులోకి మళ్లుతుంది, వేరు కొత్తగా పెరుగుతుంది, ఆ కొత్త వేళ్లే నికోటిన్ ఎక్కువ చేస్తాయి. తల తుంచకపోతే ఆకు పలచగా, పస లేకుండా ఉంటుంది. మరీ ముందే, మరీ కిందికి తుంచితే మిగిలిన కొద్ది ఆకులలోకే నికోటిన్ అంతా చేరి ఘాటెక్కుతుంది. తల తుంచాక పిలకలు వదిలేసినా నష్టమే, ఆకుకు రావాల్సినది పిలకలు లాక్కుంటాయి. తల ఎప్పుడు తుంచారు, ఎన్ని ఆకులు వదిలారు అన్నది మీరు రాయలేదు. వచ్చే ఏడు ఆ తేదీ, ఆకుల లెక్క ఒక నోటుబుక్‌లో రాసి పెట్టుకోండి. రిపోర్టు చదివేటప్పుడు అంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు.

నికోటిన్ బరువులో ఆరో వంతుకు పైగా నత్రజనే. మట్టిలో నత్రజని ఎక్కువుంటే వేరు దానితో నికోటిన్ చేస్తూనే ఉంటుంది. మొక్క మొదట్లో నత్రజని బాగా తీసుకుని పెరగాలి, తల తుంచే సమయానికి నేలలో అది దాదాపు అయిపోవాలి. అప్పుడు మొక్కకు ఒకరకమైన ఆకలి మొదలవుతుంది. ఆ ఆకలిలోనే ఆకు పండుతుంది: పత్రహరితం తగ్గుతుంది, ఆకులో పిండి పేరుకుంటుంది. బాగా పండిన వర్జీనియా ఆకు ఎండు బరువులో పావు వంతుకు పైగా పిండే ఉంటుంది. బ్యారన్‌లో చక్కెరగా మారేది ఈ పిండే. పంట మధ్యలో మీరు యూరియా వేసినప్పుడు ఆ ఆకలిని ఆపేశారు. ఆకు ముదురు ఆకుపచ్చలోనే ఉండిపోయింది, పిండి పేరుకోలేదు. పిండి లేని ఆకు బ్యారన్‌లో ఎక్కడ నుంచి చక్కెర తెస్తుంది? మీ రిపోర్టులో 9 శాతం చక్కెరకు అసలు కారణం ఇది.

దీని మీద నాకు ఎప్పుడూ గుర్తొచ్చే పాత సంగతి ఒకటుంది. 1839లో అమెరికాలోని నార్త్ కరోలినా, కాస్వెల్ కౌంటీలో స్లేడ్ అనే ఆసామి తోటలో స్టీఫెన్ అనే బానిస యువకుడు బ్యారన్ కాపలాలో నిద్రపోయాడు. మంట ఆరిపోబోతుంటే కంగారుగా బొగ్గు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పెరిగిన వేడికి ఆకు బంగారు పసుపులో నిలిచిపోయింది. బ్రైట్ పొగాకు కథ అక్కడే మొదలైందని చెబుతారు. ఆ కథలో చాలామంది వదిలేసే విషయం అక్కడి నేల. అది సారం లేని ఇసుక నేల. సారం తక్కువ కాబట్టే ఆకు పలచగా, పిండి నిండి పండింది. అదే బొగ్గు వేడి బలిసిన నల్లనేల ఆకుకు పెట్టి ఉంటే ఆ పసుపు వచ్చేది కాదు. మన దగ్గర జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వైపు తేలిక నేలల ఆకుకు అంత పేరు రావడానికి కూడా కారణం ఇదే. ఆ నేలలో నత్రజని నిలవదు. నీళ్లూ ఎరువూ మనం ఇచ్చినంతే మొక్కకు అందుతాయి, కాబట్టి ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉంటుంది. నల్లరేగడిలో ఆ పగ్గం మన చేతిలో ఉండదు, అందుకే అక్కడ ఎరువు విషయంలో చెయ్యి ఇంకా బిగించాలి.

నీటి ఎద్దడి కూడా నికోటిన్ పెంచుతుంది. నల్లరేగడిలో మన దక్షిణాది పంట చాలావరకు నేలలో దాచుకున్న పదును మీదే బతుకుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి పదును తగ్గి పై ఆకులు చిన్నవైపోతాయి, మందమవుతాయి, నికోటిన్ ఎక్కువ, చక్కెర తక్కువ అవుతుంది. మామూలు సంవత్సరంలో కూడా మొక్క కింది నుంచి పైకి పోయేకొద్దీ నికోటిన్ పెరుగుతూ పోతుంది. చక్కెరలు నడిమి ఆకుల్లో ఎక్కువగా ఉంటాయి. అడుగాకు నీడలో, మట్టి తగులుతూ పెరిగి పలచగా ఉంటుంది. కాబట్టి "నా ఆకులో నికోటిన్ ఇంత" అన్నప్పుడు ఏ రెలుపు (ఎన్నో కోత) ఆకు అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం సగమే. 3.4 శాతం కొన ఆకుల్లో వస్తే అంత ఆశ్చర్యం లేదు. నడిమి ఆకులో వస్తే మాత్రం అది నత్రజని గోలే.

బ్యారన్ సంగతి కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే మీ పక్కతోట ఆకూ మీ ఆకూ ఒకే బ్యారన్‌లో ఉండటం కూడా మీకు కొంత నష్టం చేసి ఉండొచ్చు. రెలిచి కర్రలకు కట్టిన ఆకు చనిపోలేదు, ఇంకా శ్వాసిస్తూనే ఉంటుంది. మొదటి దశలో 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, బాగా తేమ ఉంచి రంగు తిప్పుతాం కదా, ఆ సమయంలో ఆకులోని ఎంజైములు పిండిని చక్కెరగా విడగొడతాయి. పత్రహరితం కూడా అప్పుడే విరిగిపోతుంది. పసుపు రంగు కొత్తగా ఎక్కడి నుంచో రాదు. మొదటి నుంచీ ఆకులో ఉన్న కెరోటినాయిడ్లే పచ్చదనం తొలగగానే బయటపడతాయి. ఆకు పసుపు తిరిగేసరికి పిండి చాలావరకు చక్కెర అయిపోయి ఉంటుంది. అక్కడ వేడి పెంచి ఆకును ఆరబెట్టి ఎంజైములను ఆపేస్తాం. ఆపకుండా అలాగే ఉంచితే ఆకు తన చక్కెరను తానే తినేస్తుంది. నీడలో వారాల తరబడి ఆరబెట్టే బర్లీ అనే రకం పొగాకులో, మన వినుకొండ వైపు పండేదానిలో, చక్కెర దాదాపు ఏమీ మిగలకపోవడానికి కారణం అదే.

రంగు తిరగడానికి ఎంతసేపు పడుతుందన్నది ఆకు పండిన దాన్నిబట్టి ఉంటుంది. పండిన ఆకు త్వరగా తిరుగుతుంది, నత్రజని ఎక్కువున్న పచ్చాకు ఆలస్యంగా తిరుగుతుంది. రెండూ ఒకే బ్యారన్‌లో ఉంటే దేనికో ఒకదానికి అన్యాయం తప్పదు. వాళ్ల ఆకు పసుపు తిరిగిందని వేడి పెంచితే మీ ఆకులో పచ్చ అలాగే బిగుసుకుపోతుంది. మీ ఆకు కోసం ఆగితే వాళ్లది మచ్చలు పడుతుంది. ఖర్చు కలుస్తుందని బ్యారన్ పంచుకోవడం అర్థం చేసుకోగలను, కట్టెల ధర చూస్తుంటే ఎవరికైనా అదే తోస్తుంది. కానీ పండిన తీరు ఒకేలా ఉన్న ఆకుల్నే ఒక బ్యారన్‌లో వేయండి.

ఆకు గోధుమ రంగుకు తిరగడం వెనక వేరే రసాయనం ఉంది. ఆకులో క్లోరోజెనిక్ ఆమ్లం, రూటిన్ లాంటి పాలీఫినాల్స్ ఉంటాయి. వంకాయ కోసి గాలికి పెడితే నల్లబడుతుందే, అదే పని ఇక్కడా జరుగుతుంది. కణాలు పగిలి, ఇంకా తడి ఉండగా వేడి పెరిగితే పాలీఫినాల్స్ గాలితో కలిసి గోధుమ రంగు మచ్చలు చేస్తాయి. అందుకే 100 నుంచి 120 డిగ్రీల మధ్య రంగు కట్టే దశలో గాలి తూములు తెరిచి తడిని బయటికి పంపడమే అసలైన నైపుణ్యం. 120 దాటేలోపు ఆకు చివరలు ఎండి ఉండాలి. ఆ తర్వాత 140 వరకు ఆకు, 160 వరకు ఈనె ఆరబెట్టడం పెద్ద కష్టం కాదు. ఆకు నలిగినా, బండిలో వేడెక్కినా కణాలు ముందే పగిలి ఇదే గోధుమ రంగు వస్తుంది. రెలిచిన ఆకును ఎండలో కుప్పగా వదిలేసే అలవాటు ఉంటే మానండి.

వాసన సంగతి రిపోర్టులో ఉండదు, కానీ కొనేవాడి ముక్కుకు తెలుస్తుంది. కెరోటినాయిడ్లు క్యూరింగ్‌లోనూ, ఆ తర్వాత నిల్వలోనూ మెల్లగా విరిగి డమాసినోన్, అయొనోన్ లాంటి సువాసన పదార్థాలు అవుతాయి. గులాబీ నూనెకు వాసన ఇచ్చేవాటిలో డమాసినోన్ కూడా ఒకటి. కెరోటినాయిడ్లు నిండుగా చేరి, ఆకు పండాక విరిగితేనే ఆ సువాసన. పచ్చిగా రెలిచిన ఆకులో పసుపు కనిపించినా పరిమళం ఉండదు. క్యూరింగ్ అయ్యాక కంపెనీల గోదాముల్లో ఒకటి రెండేళ్లు ఆకును నిల్వ ఉంచడానికి కూడా రసాయన కారణమే ఉంది. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ నిదానంగా కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి, ఆకు రంగు కాస్త ముదురుతుంది, పచ్చి ఘాటు తగ్గుతుంది. ఇదే మార్పు మీ ఇంట్లో మండెలో, అంటే క్యూరింగ్ అయిన ఆకును పేర్చిన కుప్పలో, తొందరగా, అదుపు తప్పి జరిగితే మాత్రం నష్టం. తేమ ఎక్కువగా ఉండగా మండె వేస్తే లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది, బూజు పడుతుంది. మండెలో చెయ్యి పెట్టి చూడటం ఏ మిషన్ కన్నా మంచి పరీక్ష.

మరొకటి జిగురు. రెలిచే కూలీల చేతులకు నల్లగా అంటుకునే ఆ జిగురును చాలామంది మురికి అనుకుంటారు. ఆకు మీది సన్నని నూగు చివర గ్రంథులు స్రవించే పదార్థం అది. వర్జీనియా రకాల్లో సెంబ్రనాయిడ్లు, తుర్కియే, గ్రీస్ వైపు పండే చిన్నాకు ఓరియంటల్ రకాల్లో చక్కెర ఎస్టర్లు అందులో ముఖ్యం. నిల్వలో అవి విరిగి వాసన ఇస్తాయి. ఆకు పక్వానికి వచ్చిందనడానికి జిగురు నిండుగా ఉండటం ఒక గుర్తు. జనవరిలో పెద్ద వాన పడితే ఈ జిగురు కడుక్కుపోతుంది. వాన ఆగిన వెంటనే రెలిచిన ఆకు తేలిగ్గా, వాసన లేకుండా ఉండేది అందుకే. ఎండ కాసి మళ్లీ జిగురు పట్టే వరకు కొన్ని రోజులు ఆగగలిగితే ఆగండి. నేల పదునెక్కి ఆకు మళ్లీ పచ్చబడటం మొదలుపెడితే అది వేరే చిక్కు, అప్పుడు పండిన కింది ఆకును ముందు రక్షించుకోవాలి.

ఇక క్లోరైడ్. నా అభిప్రాయంలో మీ రిపోర్టులో అన్నిటికన్నా ఆందోళన పడాల్సిన అంకె ఇదే. ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో ఒకసారి రెండు శాంపిళ్లు పక్కపక్కన పెట్టారు. రెండూ నారింజ పసుపు, చూడటానికి కవల పిల్లల్లా ఉన్నాయి. ఒక్కో ఆకు నుంచి ముక్క కోసి నిప్పు అంటించాం. మొదటిది మంట లేకుండా నిదానంగా రగులుతూ చివరి వరకు కాలి తెల్లటి బూడిద మిగిల్చింది. రెండోది రెండు మూడు క్షణాల్లో నల్లగా ఆరిపోయింది. పరీక్ష చేస్తే రెండో దానిలో క్లోరైడ్ 2 శాతం దాటింది. అంత మంచి రంగు ఆకు, కాలదు. కాలని ఆకును సిగరెట్‌లో ఎవరు వాడతారు? ఆ రోజు నుంచి ఏ రైతు రిపోర్టు చూపించినా నా కన్ను ముందు క్లోరైడ్ మీదికే పోతుంది.

మొక్కకు క్లోరిన్ చాలా కొద్దిగా అవసరమే. ఆకులో 1.5 శాతం దాటితే మాత్రం గుణం చెడటం మొదలవుతుంది, 2 దాటితే కాలే గుణం పోతుంది. క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కుంటుంది, కాబట్టి ఆకు ఎప్పుడూ మెత్తగా, తడిగా ఉంటుంది, రంగు మురికిగా తిరుగుతుంది. పొటాషియం దీనికి సరిగ్గా ఎదురు. ఆకులో పొటాష్ 2 శాతం ఆపైన ఉంటే నిప్పు నిలుస్తుంది. కానీ పొటాష్ ఏ రూపంలో వేశారన్నది ముఖ్యం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. 50 కిలోల బస్తాలో దాదాపు 23 కిలోల క్లోరైడ్ ఉంటుంది. పొటాష్ కలిసిన కాంప్లెక్స్ ఎరువుల్లో చాలావాటిలో ఆ పొటాష్ మ్యూరేట్ రూపంలోనే ఉంటుంది. ఏ పొటాష్ వాడారో షాపులో అడిగి, బస్తా మీద చదివి తెలుసుకోండి. పొగాకుకు వేయాల్సింది సల్ఫేట్ ఆఫ్ పొటాష్. ధర ఎక్కువే, కాదనను.

నీళ్ల లెక్క ఇంకా భయపెడుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న నీళ్లు నాలుకకు ఉప్పగా అనిపించవు. ఎకరంలో అంగుళం ఎత్తు నీళ్లు పెడితే అది సుమారు 1 లక్ష 3 వేల లీటర్లు. అంటే ఒక్క తడితో ఎకరానికి 10 కిలోలకు పైగా క్లోరైడ్ నేలలో పోసినట్టు. ఎకరానికి 6 క్వింటాళ్ల ఆకు వస్తే, అందులో క్లోరైడ్ 1.5 శాతం దాటకూడదంటే మొత్తం ఆకులో 9 కిలోలు మించకూడదు. మీరు రెండు తడులు పెట్టారు. అందులో కొంత నేలలోనే ఉండిపోయినా, మీ వైపు చాలా బోర్లలో క్లోరైడ్ 100 కంటే బాగా ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకుంటే, 2.1 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కరలేదు. పక్కతోట వాళ్లు నీళ్లు పెట్టకపోవడమే వాళ్ల ఆకును కాపాడింది. ఎండుతున్న తోటను చూస్తూ చేతులు కట్టుకుని ఉండటం ఎంత బాధో తెలుసు, మీరు చేసింది మొక్క బతకాలనే. కానీ ఉప్పు నీటితో బతికించిన మొక్క ఆకు అమ్మకానికి పనికిరాదు. ఎరువుతో చేసిన తప్పును వచ్చే ఏడు దిద్దుకోవచ్చు. ఏ క్యూరింగ్‌తోనూ ఈ ఏటి ఆకులో క్లోరైడ్‌ను తీయలేం.

నాణ్యత అనే మాట అన్ని పొగాకులకూ ఒకటి కాదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టకు వెళుతుంది. అక్కడ ఘాటే గుణం, మీ ఆకులో తప్పు అనిపించిన నికోటిన్ అక్కడ మంచి మార్కు. బర్లీకి చక్కెర లేకపోవడం లోపం కాదు, తర్వాత కలిపే పాకాలను పీల్చుకోవడమే దాని పని. కర్ణాటకలో హుణసూరు, పిరియాపట్నం వైపు తేలిక నేలల వర్జీనియాకు వాసన గుణం వేరు, మన నల్లరేగడి ఆకుది మిశ్రమంలో నింపుడుకు వాడే గుణం. మీది నల్లరేగడి అయితే తేలిక నేల ఆకుతో పోల్చుకుని బాధపడకండి. మీ నేలకు సాధ్యమైన మంచి ఆకు ఏదో దానితో పోల్చుకోండి. పక్కతోట మీకు సరైన కొలబద్ద.

ఆకు రసాయనం గురించి రాస్తూ రెండు విషయాలు వదిలేస్తే నాకు మనసొప్పదు. మొదటిది నైట్రోసమైన్లు. ఆకులోని నైట్రేట్‌ను సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారిస్తే, అది నికోటిన్, దానికి దగ్గరి పదార్థమైన నార్‌నికోటిన్‌లతో కలిసి క్యాన్సర్ కలిగించే పదార్థాలు తయారవుతాయి. వాటిలో రెండింటిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. మంట పొగ ఆకుకు నేరుగా తగిలితే కూడా ఇవి పుడతాయి. అమెరికాలో గ్యాస్ మంటను నేరుగా బ్యారన్‌లోకి వదిలే పద్ధతిని 2000 తర్వాత మార్చుకున్నది అందుకే. మన బ్యారన్లలో పొగ గొట్టాల్లోంచి బయటికి పోయి వేడి మాత్రమే ఆకుకు తగులుతుంది, అది మంచి సంగతి. గొట్టానికి చిల్లు పడితే ఆ మంచి పోతుంది. సీజన్‌కు ముందు గొట్టాలు చూసుకోండి. ఎన్ని చేసినా పొగ పొగే. నేను ఇక్కడ నాణ్యత అన్నది కొనేవాడి లెక్కలో నాణ్యత. పీల్చే ఊపిరితిత్తికి మంచి పొగాకు అంటూ ఏదీ లేదు.

రెండోది రెలిచే మనుషులు. నికోటిన్ నీటిలో కరుగుతుంది, తడి చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. తెల్లవారుజామున మంచు తడి ఉన్న ఆకు సంకలో పెట్టుకుని మోసే ఆడవాళ్లకు తల తిరగడం, వాంతులు, నీరసం రావడం మీరూ చూసే ఉంటారు. ఎండ దెబ్బ అనుకుంటారు. చాలాసార్లు అది నికోటిన్ ఒంటికి ఎక్కడమే. మీ ఆకులాగా 3.4 శాతం ఉన్న చోట ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మంచు ఆరాక రెలిపించండి, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఇప్పించండి. ఎవరికైనా వాంతులైతే బట్టలు మార్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి, నీడలో ఉంచి డాక్టరుకు చూపించండి.

వచ్చే పంటకు మీరు చేయాల్సింది ఇది. నారు పోసేలోపే బోరు నీళ్లూ మట్టీ రెండూ క్లోరైడ్‌కు పరీక్ష చేయించండి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలై, ఇటీవల పేరు మారిన సంస్థకు (ఇప్పుడు NIRCA) కందుకూరులో కూడా కేంద్రం ఉంది, మీకు దగ్గరే. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువని తేలితే ఆ బోరును పొగాకుకు మర్చిపోండి, వాన నీరు నిలిపే కుంట గురించి ఆలోచించండి. నత్రజని మొత్తం నాటిన మొదటి నెల రోజుల్లోనే పూర్తి చేయండి, ఆ తర్వాత ఆకు ఎంత పాలిపోయినా యూరియా సంచి ముట్టుకోకండి. ఆ పాలిపోవడమే మీకు కావాల్సింది. పొటాష్ సల్ఫేట్ రూపంలో వేయండి. ఆకు చివర, అంచులు పసుపు తిరిగి, ఈనె తెల్లబడి, చెయ్యి వేయగానే చిటుక్కున విరిగితేనే రెలవండి. పక్కింటి బ్యారన్‌కు ఖాళీ దొరికిందని తొందరపడకండి.

మళ్లీ టెస్ట్ చేయించేటప్పుడు ఒక జాగ్రత్త. అడుగాకు, నడిమి ఆకు, కొన ఆకు మూడూ వేర్వేరు కవర్లలో ఇవ్వండి, ఒక్కోదానిలో వేర్వేరు కర్రల నుంచి తీసిన పాతిక ఆకులైనా ఉండాలి. ఈనె తీసేసి ఆకు రెక్కలే ఇవ్వండి. ఈనెలో క్లోరైడ్, పొటాష్ ఎక్కువ, నికోటిన్ తక్కువ ఉంటాయి కాబట్టి అది కలిస్తే అన్ని అంకెలూ తప్పుతాయి. ఇప్పుడు చేయించిన టెస్టులో ఈనె కలిపి ఇచ్చారా, తీసి ఇచ్చారా, అది ఏ రెలుపు ఆకు అన్నది కూడా ఇక్కడే రాయండి. ఈనెతో ఇచ్చి ఉంటే మీ అసలు నికోటిన్ 3.4 కంటే ఇంకా ఎక్కువ, క్లోరైడ్ 2.1 కంటే కాస్త తక్కువ అయి ఉంటుంది, అప్పుడు ఎరువు లెక్కను ఇంకొంచెం కిందికి దించి చెబుతాను.